పుస్తకపు పురుగు, పుస్తకాల పురుగు: అర్థ ప్రయోగ చరిత్ర

వ్యాస సంగ్రహం

గ్రంథాన్ని తినే ప్రాణినీ, గ్రంథాన్ని విడవకుండా చదివే మనిషినీ తెలుగు ఒకే మాటతో 'పురుగు' అంటుంది. శాస్త్రభాషలో మొదటిది కీటకం. రెండో అర్థం ఎప్పుడు, ఏ దారిన తెలుగులోకి వచ్చిందన్నది పదచరిత్రకు సంబంధించిన ప్రశ్న. పురుగు, కీటకం, క్రిమి అనే మూడు మాటల పరిధులను ఈ వ్యాసం వేరుచేస్తుంది. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు కలిసే మద్నూర్ ప్రాంతపు మాటల సహాయంతో, తాళపత్ర సంప్రదాయపు సాక్ష్యంతో, ఆ రెండు అర్థాల సంబంధాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పురుగు, కీటకం, క్రిమి, తాళపత్రం, ఘుణాక్షర న్యాయం, అనువాద పదబంధం.

ఉపోద్ఘాతం

కామారెడ్డి జిల్లా పడమటి కొసన, సంగారెడ్డి నుంచి నాందేడ్ వెళ్లే జాతీయ రహదారి మీద, మహారాష్ట్రలోని దెగ్లూరుకు ఇవతల మద్నూర్ ఉంది. కర్ణాటకలోని బీదర్ జిల్లా కూడా ఇక్కడికి దూరం కాదు. నిజాం పాలన ముగిసిన తరువాత ఈ ప్రాంతపు సరిహద్దులు భాషను బట్టి మారాయి. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం, నాందేడ్ జిల్లా దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చింది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడింది. పాలనా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా మాటల రాకపోకలు ఆగలేదు. ఒకే సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం, దక్కనీ ఉర్దూ వినిపించే ఇలాంటి చోట ఒక మాట పరిధి ఎంతో, పక్క భాషలోని మాట పరిధి ఎంతో పోల్చి చూడడం సులువు.

ఈ వ్యాసం అలా పోల్చి చూసే మాట 'పురుగు'. 'పుస్తకానికి పురుగు పట్టింది', 'వాడు పుస్తకాల పురుగు' అనే రెండు వాక్యాలలో ఈ మాట రెండు విరుద్ధమైన పనులు చేస్తున్నది. మొదటి వాక్యంలో అది గ్రంథానికి శత్రువు. రెండో వాక్యంలో గ్రంథానికి అత్యంత సన్నిహితుడైన పాఠకుడు. ఈ వైరుధ్యం తెలుగులోనే పుట్టిందా, బయటి నుంచి వచ్చిందా అన్నది తేల్చాలంటే ముందుగా 'పురుగు' అనే మాట స్వభావం తెలియాలి.

పురుగు, కీటకం, క్రిమి: మూడు పరిధులు

'పురుగు' దేశ్యపదం. పురువు, ప్రువ్వు దీని పాత రూపాలు. తమిళ, మలయాళాల్లోని 'పుళు', కన్నడంలోని 'హుళు' దీనికి సోదర పదాలు. తెలంగాణ వాడుకలో ఇది 'పుర్గు'గా వినిపిస్తుంది. 'కీటకం', 'క్రిమి' సంస్కృతం నుంచి వచ్చిన తత్సమాలు. నిఘంటువులు ఈ మూడింటినీ పర్యాయపదాలుగా చూపినా వాడుకలో వాటి హద్దులు వేరు.

శాస్త్రభాషలో కీటకమంటే ఆరు కాళ్లు ఉండి, శరీరం తల, వక్షం, ఉదరం అనే మూడు భాగాలుగా ఉన్న ప్రాణి. ఈ నిర్వచనం ప్రకారం చీమ, ఈగ, దోమ, తేనెటీగ, సీతాకోకచిలుక అన్నీ కీటకాలే. అయితే వ్యవహారంలో సీతాకోకచిలుకను ఎవరూ పురుగు అనరు. చీమకు చీమ అనే పేరే చాలు. మరోవైపు తొలకరిలో నేల మీద కనిపించే ఎర్రని ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు. అది శాస్త్రరీత్యా కీటకం కాదు. కడుపులోని నులిపురుగుకు కాళ్లే లేవు. అదీ కీటకం కాదు. ఆ రెండూ తెలుగువాడికి పురుగులే. పట్టుపురుగు, గొంగళిపురుగు లార్వా దశలోని ప్రాణులు. మిణుగురు పురుగు రెక్కలు వచ్చినది. పాము పేరు పలకడానికి జంకి దాన్ని కూడా 'పురుగు' అని చెప్పడం తెలుగునాట ఉంది. కాబట్టి 'పురుగు' జీవజాతిని తెలిపే మాట కాదు. చిన్నదై, పాకేదై, ఎక్కడో దాగి ఉండి హాని చేస్తుందనో అసహ్యం కలిగిస్తుందనో మనిషి భావించే ప్రాణికి అది పేరు. పట్టుపురుగు, మిణుగురు వంటివి ఈ భావనకు మినహాయింపులు.

'క్రిమి' మాట ఆధునిక వాడుకలో ఆరోగ్యానికీ, వ్యవసాయానికీ పరిమితమైంది. మందు సీసా మీద 'క్రిమిసంహారకం' అని అచ్చవుతుంది. రైతు దాన్ని 'పుర్గుల మందు' అంటాడు. పాఠ్యపుస్తకంలో 'కీటకశాస్త్రం' ఉంటుంది, చేనులో 'పురుగు' ఉంటుంది. వస్తువు ఒకటే అయినా దానికి పేరు పెట్టే సందర్భాలు మూడు. మనిషికి అన్వయించేటప్పుడు కూడా ఈ తేడా నిలుస్తుంది. 'పుస్తకాల పురుగు' అంటారు. పండిత పరిహాసంగా 'గ్రంథకీటకం' అనవచ్చు. 'పుస్తకాల క్రిమి' అని మాత్రం ఎవరూ అనరు.

సరిహద్దు మాటలు: కీడ, అళీ, పురుగు

మద్నూర్ పత్తి పండే ప్రాంతం. పత్తికాయను లోపలి నుంచి తినే ప్రాణిని ఇక్కడి తెలుగు రైతు 'గులాబీ రంగు పురుగు' అంటాడు. సరిహద్దుకు అవతలి మరాఠీ రైతు దాన్నే 'గులాబీ బోండ్ అళీ' అంటాడు. మరాఠీలో 'అళీ' అంటే లార్వా దశలోని ప్రాణి, 'కిడా' అంటే పురుగు, 'కీడ్' అంటే పంటకు పట్టే చీడ. మరాఠీ మూడు మాటలకు పంచిన పనిని తెలుగులో 'పురుగు' ఒక్కటే దాదాపుగా మోస్తుంది.

ఇక్కడ మరొక విశేషం ఉంది. మరాఠీ 'కిడా', ఉర్దూ 'కీడా' సంస్కృత 'కీట' శబ్దం నుంచి ప్రాకృతాల మీదుగా వచ్చిన తద్భవాలు. అంటే తెలుగు విద్యార్థి బడిలో నేర్చుకొనే 'కీటకం', అతని మరాఠీ పొరుగువాడు పొలంలో పలికే 'కిడా' ఒకే మూలానికి చెందినవి. ఒక భాషలో అది పండితుల మాట, మరొక భాషలో పామరుల మాట. కనుక తెలుగులోని పురుగు, కీటకం భేదం అర్థభేదం కంటే ప్రధానంగా స్థాయీభేదం. దేశ్యపదం ఇంటికీ పొలానికీ, తత్సమం బడికీ శాస్త్రానికీ చెందాయి.

చదివే మనిషిని సూచించే పదబంధం ఈ భాషలన్నిటిలో ఉంది. ఉర్దూ, హిందీల్లో 'కితాబీ కీడా', మరాఠీలో 'పుస్తకీ కిడా', కన్నడంలో 'పుస్తకద హుళు', తమిళంలో 'పుత్తగప్పుళు', తెలుగులో 'పుస్తకాల పురుగు'. రెండు భాషాకుటుంబాలకు చెందిన ఇన్ని భాషలు, తమతమ సొంత మాటలతోనే అయినా, ఒకే రూపకాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికమనుకోవడం కష్టం. వీటన్నిటికీ మాతృక ఒకటి ఉండాలి.

గ్రంథాన్ని నిజంగా తినేవి

రూపకాన్ని విచారించే ముందు దానికి ఆధారమైన ప్రాణిని చూడాలి. గ్రంథాలకు పట్టే పురుగు ఒక్కటి కాదు. చెదలు నేలలోనుంచి మట్టి గూళ్లు కట్టుకుంటూ గోడల వెంట వచ్చి కాగితాన్నీ, ఆకునూ, బీరువా చెక్కనూ కలిపి తింటాయి. సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు రెక్కలు లేని కీటకం కాగితం పైపొరనూ, బైండింగులోని గంజినీ గీకి తింటుంది. అది లోపలికి తొలవదు. కంటికి సరిగా ఆనని పుస్తకపు పేలు తేమకు పట్టే బూజును తింటాయి. ఇక గుండ్రని రంధ్రాలు చేస్తూ పుస్తకాన్ని ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తొలిచేది పెంకుపురుగు జాతి లార్వా. మన దేశంలో తాళపత్రాలకు ఎక్కువ నష్టం చేసే వాటిలో గాస్ట్రాలస్ ఇండికస్ అనే పెంకుపురుగు ఒకటి. తల్లి పురుగు గ్రంథపు అంచుల్లో గుడ్లు పెడుతుంది. లార్వా లోపల సొరంగం చేసుకుంటూ పెరుగుతుంది. రెక్కలు వచ్చాక గుండ్రని రంధ్రం చేసుకొని బయటపడుతుంది.

ఇంగ్లీషులో 'బుక్‌వర్మ్' అన్నా, దానిలోని 'వర్మ్' శాస్త్రార్థంలో వానపాము వంటి ప్రాణి కాదు. అది కీటకపు బాల్యదశ మాత్రమే. ఆ విధంగా పుస్తకపు పురుగుకూ కీటకానికీ ప్రాణిపరంగా విరోధం లేదు. మొదటిది రెండోదానిలో ఒక భాగం. తెలుగు 'పురుగు' లార్వానూ, ఎదిగిన కీటకాన్నీ కలిపి చెబుతుంది కాబట్టి ఇంగ్లీషులో ఉన్న ఈ చిక్కు తెలుగులో లేదు.

చిక్కు మరోచోట ఉంది. తాళపత్రాల స్థితిని వర్ణించేటప్పుడు 'కీటదష్టం', 'క్రిమిభక్షితం' వంటి సంస్కృత సమాసాలు వాడడం, లేదా 'పురుగు తిన్నది' అని సరిపెట్టడం జరుగుతున్నది. ఏ పురుగు అన్నది ఈ మాటలు చెప్పవు. చెద అయితే గోడకూ నేలకూ వైద్యం చేయాలి. సిల్వర్‌ఫిష్ అయితే తేమను తగ్గించాలి. పెంకుపురుగు లార్వా అయితే ఆ కట్టను మిగిలిన కట్టల నుంచి వెంటనే వేరు చేయాలి. ఒకే మాటలో అన్నిటినీ చుట్టేస్తే ఒకదానికి చేయవలసిన చికిత్స మరొకదానికి జరుగుతుంది.

పాఠపరిష్కరణకు కూడా ఈ వివరం అవసరం. తాళపత్రం మీద గంటంతో గీసిన గీతల్లోకి మసి పట్టించి అక్షరాన్ని కనిపించేలా చేస్తారు. గుండ్రని పురుగు రంధ్రం అక్షరం పక్కన పడితే తొందరపాటు చూపుకు అది పూర్ణబిందువులా తోచవచ్చు. రంధ్రంలో మసి ఉండదు. అది అదే చోట కింది పత్రంలోకి కూడా దిగి ఉంటుంది. ఈ రెండు గుర్తులు పట్టుకొని సున్నాను రంధ్రం నుంచి వేరుచేయవచ్చు. పురుగు మిగిల్చిన ఖాళీని గ్రంథపాతంగా చూపడమా, ఊహించి పూరించడమా అన్న నిర్ణయం కూడా ఈ పరిశీలన తరువాతనే జరగాలి.

అక్షరం తెలియని పురుగు

పురుగుకూ అక్షరానికీ సంబంధం కల్పించిన పాత భావన మనకు ఒకటి ఉంది. అది ఘుణాక్షర న్యాయం. ఘుణమంటే కొయ్యను తొలిచే పురుగు. అది తిన్న దారి ఒక్కొక్కప్పుడు యాదృచ్ఛికంగా అక్షరంలా కనిపిస్తుంది. ప్రయత్నం, జ్ఞానం లేకుండా కలిసివచ్చిన ఫలితానికి ఈ న్యాయాన్ని ఉదాహరిస్తారు. ఇక్కడ పురుగు అక్షరాన్ని రాస్తుంది గాని, రాశానని దానికి తెలియదు.

ఐరోపా సంప్రదాయంలో దీనికి ఎదురుబొమ్మ వంటి భావన ఉంది. సింఫోసియస్ పేరిట ప్రసిద్ధమైన ప్రాచీన లాటిన్ పొడుపుకథల్లో ఒకటి పుస్తకాలను తినే పురుగు మీద చెప్పినది. అక్షరాలను తిని బతికినా అక్షరమంటే ఏమిటో దానికి తెలియదన్నది అందులోని చమత్కారం. పదో శతాబ్దికి చెందిన ఎక్సెటర్ గ్రంథంలోని పాత ఇంగ్లీషు పొడుపుకథ కూడా ఇదే భావాన్ని చెబుతుంది. ఒకచోట పురుగు తెలియక రాస్తుంది, మరొకచోట తెలియక తింటుంది. రెండుచోట్లా అజ్ఞానమే దాని లక్షణం. తేడా తరువాతి చరిత్రలో వచ్చింది. ఐరోపాలో ఆ తినే పురుగు మనిషికి పోలిక అయింది. మన ఘుణం న్యాయంగానే మిగిలిపోయింది. దాన్ని ఏ పాఠకుడికీ బిరుదుగా ఇవ్వలేదు.

అర్థం తెలియని చదువును మన సంప్రదాయం నిందించలేదని కాదు. ఆ నిందకు ఎంచుకున్న ప్రాణులు వేరు. గంధపు చెక్కల మోపును మోస్తూ బరువునే తప్ప పరిమళాన్ని ఎరగని గాడిద ఒకటి. ఈ పోలిక సుశ్రుత సంహితలో కూడా ఉంది. నేర్పిన మాటను అప్పగించే చిలుక మరొకటి. 'చిలకపలుకులు' అనే తెలుగు మాట దాని నుంచి వచ్చినదే. గాడిదది బరువు, చిలుకది వల్లెవేత. మౌఖిక విద్య ప్రధానమైన సమాజంలో చదువరి దోషం గొంతులోనో వీపు మీదనో కనిపిస్తుంది. పుస్తకానికి అంటుకుపోయి కూర్చోవడం దోషంగా కనిపించాలంటే పుస్తకాలు ఒక్కొక్క మనిషి చేతికీ విరివిగా అందాలి. అది అచ్చుయుగంలోనే సాధ్యం.

మనిషికి ఆ పేరు వచ్చిన దారి

ఇంగ్లీషులో 'బుక్‌వర్మ్' పదహారో శతాబ్ది చివర నుంచి మనిషిని ఎగతాళి చేసే మాటగా కనిపిస్తుంది. జర్మన్‌లోనూ ఇదే రూపకం ఉంది. ఫ్రెంచివారు మాత్రం పురుగుకు బదులు ఎలుకను ఎంచుకొని 'గ్రంథాలయపు ఎలుక' అన్నారు. అంటే ఈ పురుగు రూపకం సహజంగా అన్ని భాషల్లోనూ దానంతట అది పుట్టేది కాదు. ఫ్రెంచివారి ఎలుక తెలుగులోకి రాలేదు, ఇంగ్లీషువారి పురుగు వచ్చింది. పాత తెలుగు నింద గాడిద, చిలుకల చుట్టూ తిరగడం, పొరుగు భాషలన్నిటిలో ఇదే పదబంధం ఉండడం, ఇంగ్లీషు చదువు విస్తరించిన చోట్ల ఇది బడి మాటగా వినిపించడం, ఈ మూడింటినీ కలిపి చూస్తే 'పుస్తకాల పురుగు' ఇంగ్లీషు మాటకు అనువాద పదబంధమని భావించడం సమంజసం.

అయితే తెలంగాణలో ఈ మాటకు రెండో దారి కూడా ఉండే అవకాశాన్ని కొట్టివేయలేము. నిజాం రాజ్యంలో ఉర్దూ పాలనాభాష. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష. కోస్తా విద్యార్థికి బడిలో ఎదురైన ఇంగ్లీషు పదబంధం మద్నూర్ వంటి చోట్ల చదువుకున్నవాడికి 'కితాబీ కీడా'గా ఉర్దూలోనో, 'పుస్తకీ కిడా'గా మరాఠీలోనో ముందుగా చెవిన పడే వీలుంది. మాతృక ఇంగ్లీషే అయినా తెలుగు చేతికి అందించినది పక్క భాష కావచ్చు.

ఈ మాట ప్రచారంలోకి రావడానికి అనువైన సామాజిక స్థితి కూడా అదే కాలానిది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిశాయి. 1926లో గోలకొండ పత్రిక మొదలైంది. 1937లో నిజామాబాదులో ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు పుస్తకం చదవడమే ఒక సాంస్కృతిక కార్యమైన రోజులవి. చదువరుల సంఖ్య పెరిగినప్పుడే అతిగా చదివే చదువరికి ఒక పేరు అవసరమవుతుంది.

వ్యాకరణం పలికే సాక్ష్యం

రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడినా వాక్యం వాటిని వేరుగానే ఉంచుతుంది. నిజమైన పురుగుకు సాధారణంగా పట్టు, తొలుచు, కొరుకు వంటి క్రియలు వస్తాయి. మనిషి అర్థంలో ఈ పదబంధం ఎక్కువగా విధేయంగా నిలుస్తుంది: 'ఆమె పుస్తకాల పురుగు'. 'పుస్తకానికి పురుగు పట్టింది' అంటే ప్రాణి మాత్రమే. సమాస నిర్మాణంలో కూడా ఒక మొగ్గు ఉంది. పేడపురుగు, పత్తిపురుగు, బియ్యపు పురుగు వంటి ప్రాణినామాల్లో పూర్వపదం ఏకవచనంగానో రాశివాచకంగానో ఉంటుంది. మనిషిని చెప్పేటప్పుడు 'పుస్తకాల' అని బహువచన షష్ఠి స్థిరపడింది. పురుగుకు ఒక పుస్తకం చాలు. ఈ మనిషికి చాలదు.

క్రియాంతం మరింత స్పష్టమైన సాక్షి. 'పుస్తకాల పురుగు వచ్చాడు' అంటే మహద్వాచకం. 'పుస్తకాల పురుగులు వచ్చారు' అంటే మనుషులు, 'వచ్చాయి' అంటే ప్రాణులు. అయితే తెలుగులో స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల క్రియనే తీసుకుంటాయి కాబట్టి 'పుస్తకాల పురుగు వచ్చింది' అన్నప్పుడు వచ్చినది కీటకమా, చదువుకునే అమ్మాయా అన్నది వాక్యం ఒక్కటే తేల్చదు. సందర్భమే తేల్చాలి. బహువచనంలోకి మారిస్తే సందిగ్ధం తొలగుతుంది.

విలువ పరంగా కూడా ఈ పదబంధం తక్కిన పురుగుల కంటే భిన్నమైనది. 'చీడపురుగు', 'పురుగులా చూడడం' వంటి ప్రయోగాలు పూర్తిగా నిందార్థకాలు. 'పుస్తకాల పురుగు' మాత్రం పలికే గొంతును బట్టి నింద, చనువు, మెప్పు మూడింటిలో ఏదైనా కావచ్చు. ఆటకు రాని పిల్లవాణ్ణి తోటివారు అన్నప్పుడు ఎగతాళి, అదే మాట గ్రంథాలయ సభలో వక్త అన్నప్పుడు గౌరవం. పురుగు శబ్దానికి ప్రశంస అంటిన అరుదైన ప్రయోగమిది.

ముగింపు

వ్రాతప్రతుల చివర లేఖకులు రాసుకొనే ప్రసిద్ధమైన సంస్కృత శ్లోకం ఒకటి ఉంది. అందులో పుస్తకమే మాట్లాడుతుంది. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి తనను కాపాడమని, మూర్ఖుడి చేతికి ఇవ్వవద్దని వేడుకుంటుంది. ఎక్కువగా వినిపించే ఆ పాఠంలో పురుగు ప్రస్తావన లేదు. పురుగు చోట నిలిచినది అక్షరం విలువ తెలియని చేయి.

ఆ ఎంపికలో అనుభవం ఉంది. పురుగు చేరేది చీకటిలో, తేమలో, కదలిక లేని కట్టలో. వేపాకు, వసకొమ్ము ఉంచడం, గుడ్డలో బిగించి కట్టడం, అప్పుడప్పుడూ విప్పి గాలి తగలనివ్వడం వంటి పాత జాగ్రత్తలన్నీ ఎవరో ఒకరు ఆ గ్రంథాన్ని మళ్లీ మళ్లీ తెరుస్తారన్న నమ్మకం మీద నిలిచినవే. ఎంత కాపాడినా తాళపత్రానికి ఆయుష్షు పరిమితం. దాన్ని చదివి మరో ప్రతి రాసేవారు ఉంటేనే కావ్యం బతికింది. కడపలో సి.పి. బ్రౌన్ పండితుల చేత ప్రతులను పోల్చి కాగితం మీదికి ఎక్కించడం, మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని అచ్చు వేయించడం, ఇవి తెరవని కట్టలను తెరిచిన పాఠకుల పనులు. పురుగుకూ కావ్యానికీ మధ్య అడ్డు నిలిచినది వారే.

కాబట్టి పుస్తకపు పురుగు, పుస్తకాల పురుగు ఒకే మాటకు రెండు అర్థాలు మాత్రమే కావు, అవి పరస్పరం ఎదురు నిలిచే శక్తులు. రెండోది ఉన్నచోట మొదటిది నిలవడం కష్టం. రెండోది కరువైన చోట మొదటిది స్థిరపడుతుంది. అనువాదంగా వచ్చిన ఎగతాళి మాటకు తెలుగు క్రమంగా మెప్పును చేర్చడం వెనుక ఈ ఎరుక కొంతైనా ఉండవచ్చు. ఇక పరిశోధకులు చేయవలసిన పనులు రెండు. వ్రాతప్రతుల వర్ణనల్లో 'పురుగు తిన్నది' అని సరిపెట్టక ఏ పురుగో, ఏ రకమైన నష్టమో నమోదు చేయాలి. మద్నూర్ వంటి సరిహద్దు ప్రాంతాల్లో పుర్గు, శెద, కిడా, అళీ, హుళు వంటి మాటల పరిధులను, అవి పలికే తరం ఉండగానే సేకరించాలి. మాటలు కూడా తెరవని కట్టల వంటివే.